హాఫ్ క్లచ్‌లో ఆ రెండు సెకన్లు

కారు నేర్చుకునేవాళ్లకి పక్క సీట్లోంచి మొదట వినపడే మాట "క్లచ్ మెల్లగా వదులు". నేనూ ఆ మాట వింటూనే నేర్చుకున్నాను. పెడల్‌ని కింది నుంచి పైదాకా ఒకే తీరున మెల్లగా వదిలేవాణ్ణి. బండి రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయేది. "ఇంకా మెల్లగా" అనేవారు. కాలు ఎక్కడ ఆపాలో మాత్రం చాలా రోజులదాకా ఎవరూ చెప్పలేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతుంటుంది. చక్రాలు కదలవు. ఈ రెంటినీ నేరుగా కలిపితే ఏదో ఒకటి ఓడిపోవాలి, ఓడిపోయేది ఇంజనే. అందుకే మధ్యలో, గేరుబాక్సు ద్వారా చక్రాలకి కలిసి ఉండే క్లచ్ ప్లేటు పెట్టారు. ఇంజన్‌తోపాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య అది ఇరుక్కుని ఉంటుంది. గట్టి స్ప్రింగు ఒకటి దాన్ని నొక్కి పట్టుకుంటుంది. మనం పెడల్ తొక్కితే ఆ పట్టు వదులవుతుంది.

అయితే పెడల్ ప్రయాణమంతా ఒకేలా పనిచేయదు. కింది నుంచి కొంతదూరం కాలు పైకి వచ్చినా ఏమీ జరగదు. తర్వాత కొద్దిపాటి జాగాలో పట్టు సున్నా నుంచి పూర్తిగా బిగుస్తుంది. ఆపైన మళ్లీ ఖాళీ. ఆ మధ్య జాగానే హాఫ్ క్లచ్ అంటారు. మెల్లదనం కావలసింది అక్కడే. కింది భాగం చకచకా వదిలేయవచ్చు.

పట్టు మొదలైన చోట కాలు ఎందుకు ఆపాలో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకి రెండు సార్లు ఇంధనం మండుతుంది. 800 చుట్ల దగ్గర అది సెకనుకి సుమారు 27 సార్లు. కాలు పదోవంతు సెకనులో వదిలేస్తే ఈలోపు ఇంజన్‌కి మూడు మంటలు కూడా దొరకవు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, ఫ్లైవీల్‌ దాచుకున్న శక్తి కొన్ని వందల జౌళ్లే (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). వెయ్యి కిలోల బండిని గంటకి 7 కిలోమీటర్ల వేగానికి తేవాలంటే దాదాపు 2000 జౌళ్లు కావాలి. ఇంజన్ ఆగిపోక ఏం చేస్తుంది? కాలు ఆపి ఉంచిన ఆ ఒకటి రెండు సెకన్లూ దానికి మనం ఇచ్చే గడువు.

ఇంకో సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ప్లేటు జారుతున్నంతసేపూ చక్రాలకి ఎంత బలం చేరాలో నిర్ణయించేది ఎడమ కాలే. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆ పట్టుని మించి ఒక్క పిసరు బలం కూడా దాటదు. ఇంజన్ అరుస్తుంది, అంతే. అప్పుడు యాక్సిలరేటర్ పని ఇంజన్‌ని బతికించి ఉంచడం. ఎక్కువ తొక్కితే నష్టం కూడా ఉంది. చదునైన రోడ్డు మీద ఇంజన్ వేగం నిలకడగా ఉంచి బయల్దేరితే, బండికి ఎంత గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) చేరుతుందో అంతే శక్తి ప్లేటు దగ్గర వేడిగా పోతుంది. ఎంత నేర్పరికైనా ఈ నష్టం తప్పదు. కానీ 1000 చుట్ల దగ్గర బయల్దేరేవాడు 2000 జౌళ్లు పోగొట్టుకుంటే, 3000 చుట్ల దగ్గర బయల్దేరేవాడు 18,000 పోగొట్టుకుంటాడు. వేగం మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. ఎత్తుమీద హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టేవాళ్ల దగ్గర వచ్చే మాడు వాసన ఈ వేడిదే. అక్కడ హ్యాండ్ బ్రేక్ వాడాలి.

చివర్లో వచ్చే చిన్న కుదుపు సంగతి వేరు. బ్రేకు వేసి ఆగేటప్పుడు సరిగ్గా ఆగే క్షణంలో తల వెనక్కి ఊగుతుంది కదా, ఇదీ అలాంటిదే. ప్లేటు జారడం మానేసిన క్షణంలో చక్రాలకి అందే బలం ఒక్కసారిగా మారుతుంది. శరీరానికి ఇబ్బంది కలిగించేది త్వరణం కన్నా త్వరణంలో వచ్చే ఆ హఠాత్తు మార్పు. రెండు వేగాలూ కలిసే సమయానికి ఇంజన్ చుట్లు పడిపోకుండా యాక్సిలరేటర్ మీద కొంచెం కాలు ఉంటే ఆ మార్పు తెలియనంత చిన్నదవుతుంది.

గేరు మార్చేటప్పుడూ ఇదే కథ. మూడో గేరు నిష్పత్తి, అంటే గేరుబాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ తిరగాల్సిన చుట్లు, 1.4, నాలుగోది 1 అనుకుందాం. మూడులో 2800 చుట్ల దగ్గర ఉంటే, అదే వేగానికి నాలుగులో కావలసినవి 2000. క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ వదిలాక ఇంజన్ 2000కి దిగడానికి కాస్త సమయం పడుతుంది. తొందరపడి క్లచ్ వదిలితే బండి ముందుకి ఎగురుతుంది. మరీ ఆలస్యం చేస్తే ఇంజన్ 2000 దాటి కిందికి జారిపోయి, బండి వెనక్కి లాగినట్టవుతుంది. నాలుగు నుంచి మూడుకి దిగేటప్పుడు మాత్రం ఇంజన్ దానంతట అది పైకి రాదు. క్లచ్ వదిలేముందు కుడికాలితో కాస్త రేజ్ చేసి 2800కి తేవాలి.

గేరుబాక్సులో సింక్రోమెష్ ఉంది కదా, అది చూసుకోదా అని అడుగుతారు. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చిన ఆ ఏర్పాటు డ్రైవర్లకి పెద్ద మేలు చేసింది. లోపలి శంకువు ఆకారపు రింగు రాపిడితో గేరు వేగాన్ని షాఫ్టు వేగానికి సరిచేస్తుంది, పళ్లు కిర్రుమనకుండా గేరు పడుతుంది. కానీ అప్పుడు క్లచ్ తొక్కి ఉంది కాబట్టి ఇంజన్ దాని అదుపులో ఉండదు. గేరు మెత్తగా పడినా బండి కుదపడం అందుకే. రాడ్డుని గుద్దకుండా మెల్లగా ఒత్తి పట్టుకుంటే రింగు తన పని ముగించగానే గేరు దానంతట అదే జారిపోతుంది. చేతికి తెలిసే ఆ చిన్న ఆగుడు నాకు చాలా ఇష్టం.

అలవాటు చేసుకోవడానికి ఖాళీగా, చదునుగా ఉన్న చోటు చాలు. మడమ నేలకి ఆన్చి, మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ పైకి తేవాలి. ఒకచోట ఇంజన్ శబ్దం కొద్దిగా బరువెక్కుతుంది, సీటు కింద సన్నటి వణుకు మొదలవుతుంది. అక్కడ కాలు ఆగాలి. బండి తనంతట తాను పాకుతుంది. ఇరవైసార్లు చేస్తే ఆ చోటు చీలమండకి గుర్తుండిపోతుంది. వేరే కారెక్కితే మళ్లీ వెతుక్కోవాలి, ఎందుకంటే ఒక్కో కారులో అది ఒక్కో ఎత్తులో ఉంటుంది. కొత్త బండి చేతికొస్తే నేను ఇప్పటికీ బ్రేకు మీద కాలుంచి, ఆ శబ్దం బరువెక్కేదాకా ఒకసారి క్లచ్ వదిలి చూసుకుని, మళ్లీ తొక్కి, ఆ తర్వాతే కదులుతాను.