చెత్త కలిపిన తారు రోడ్లు: అపోహలు - వాస్తవాలు

రోడ్లకు కంకర, తారు వేడిగా కలిపి ఇచ్చే హాట్ మిక్స్ ప్లాంట్‌లో క్వాలిటీ చూసే పని నాది. ఆ మాట చెప్పగానే అందరూ అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఏ ప్లాస్టిక్ అయినా కరిగించి రోడ్డు వేసేయొచ్చు.

వాస్తవం: కుదరదు. క్యారీ బ్యాగులు, ప్యాకింగ్ కవర్లలాంటి పాలిథిన్, పాలీప్రొపిలీన్ రకాలే పనికొస్తాయి. కంకరను 160-170 డిగ్రీల దాకా వేడి చేసి దానిమీద తరిగిన ముక్కలు వేస్తే కరిగి రాయికి పల్చగా పట్టేస్తాయి, ఆ తర్వాతే తారు పోస్తాం. మదురైలో ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. నీళ్ల సీసాల ప్లాస్టిక్ కరగాలంటే సుమారు 250 డిగ్రీలు కావాలి, అంత వేడిలో ముందు తారే మాడిపోతుంది. పీవీసీని మాత్రం ప్లాంట్ గేటు దాటనివ్వకూడదు. వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వదులుతుంది, దాన్ని పీల్చేది అక్కడ పనిచేసే మనుషులే. అందుకే నా దృష్టిలో ఈ పనిలో అసలు కష్టం రోడ్డు దగ్గర కాదు, చెత్త ఏరే దగ్గర ఉంది.

అపోహ: ఊళ్లలోని ప్లాస్టిక్ అంతా రోడ్లు మింగేస్తాయి.

లెక్క మీరే వేయండి. టన్ను మిక్స్‌లో తారు సుమారు 50 కిలోలు, ప్లాస్టిక్ అందులో మామూలుగా 6 నుంచి 8 శాతం. అంటే 3-4 కిలోలు, అంతే.

అపోహ: టైర్ల పొడి వేసి కలిపేస్తే రబ్బర్ తారు రెడీ.

ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షన్. 1960లలో అమెరికాలోని ఫీనిక్స్‌లో చార్లెస్ మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టిన తడి పద్ధతిలో రబ్బర్ పొడి వేడి తారులోని తేలిక నూనెలను పీల్చుకుని, నానబెట్టిన శనగల్లా ఉబ్బాలి. దానికి 175-190 డిగ్రీల వేడి, ముప్పావు గంట నుంచి గంట టైమ్, ఆగకుండా కలిపే ట్యాంకు ఉండాలి. కలపడం ఆపితే పొడి అడుగుకు చేరుతుంది, మరీ ఎక్కువసేపు వేడిలో ఉంచితే రబ్బరే విడిపోయి చిక్కదనం పడిపోతుంది. బాగా కుదిరితే చక్రాల చాళ్లు, పగుళ్లు రెండూ తగ్గుతాయి.

అపోహ: ఇవి వేస్తే గుంతలు పడవు.

పడతాయండీ. ప్లాస్టిక్ పూత పట్టిన రాయిలోకి నీళ్లు తక్కువ దిగుతాయి, తారు ఊడిపోవడం తగ్గుతుంది, అంతవరకు నిజం. కింద మట్టి కుంగితేనో, పక్కన కాలువ లేక నీళ్లు నిలిచిపోతేనో పై పొరలో ఏం కలిపారన్నది ఎవరికీ పట్టదు!

అపోహ: పాత రోడ్డు గీకి తెచ్చిన మెటీరియల్ నాసిరకం.

గాలికి, ఎండకు దాని తారు గట్టిపడి ఉంటుంది, రాయి మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది. గట్టిపడ్డ తారును మెత్తబరిచే నూనెలు ఉన్నాయి. ఈ పాత మెటీరియల్‌ను నేరుగా మంటకు చూపిస్తే పొగలొచ్చి మాడుతుంది, కాబట్టి కొత్త కంకరను మామూలు కంటే ఎక్కువ వేడి చేసి, ఆ వేడితోనే పాతదాన్ని కాచాలి. ప్లాంట్ చిమ్నీ నుంచి నీలం పొగ కనిపిస్తుంటే అక్కడ ఈ పని సరిగ్గా జరగడం లేదని అనుమానించొచ్చు.