మేడ్చల్ టీకా కంపెనీ, ఫ్రాన్స్‌లో అమ్మకం

విదేశాల నుంచి వచ్చే హెపటైటిస్-బి టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో, 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని యాభై రూపాయల స్థాయికి దించింది. తల్లి శాంతమ్మ పేరుతో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో పెట్టిన కంపెనీ అది. ఆ తర్వాత పదహారేళ్లకు దాని పేరు పెద్ద పన్ను వివాదంలోకి వచ్చింది.

2006 నుంచి ఫ్రాన్స్‌కు చెందిన మెరియో అలయన్స్ శాంతాలో వాటాలు కొంటూ వచ్చింది. నేరుగా కొనలేదు. ఫ్రాన్స్‌లోనే షాన్‌హెచ్ అనే కంపెనీ పెట్టి, దాని పేరు మీద కొన్నది. వాటా దాదాపు 80 శాతానికి చేరింది. 2009లో సనోఫీ పాస్చర్ కొన్నది ఈ షాన్‌హెచ్‌నే. మేడ్చల్‌లోని శాంతా ఫ్యాక్టరీ చేతులు మారింది గానీ, శాంతా వాటాదారుల రిజిస్టర్‌లో మాత్రం అమ్మకానికి ముందూ వెనకా అదే షాన్‌హెచ్ పేరు.

విలువంతా ఇక్కడ ఉంది కాబట్టి లాభం మీద పన్ను ఇక్కడే కట్టాలని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. ఈ వాదనలో పస లేదని నేను అనను. ఆ టీకా ఇక్కడి శాస్త్రవేత్తల కష్టం. 2011లో, పన్ను పడుతుందో లేదో ముందే తేల్చి చెప్పే సంస్థ అథారిటీ ఫర్ అడ్వాన్స్ రూలింగ్స్ కూడా శాఖ వైపే మొగ్గింది.

ఇలాంటి గొడవే వొడాఫోన్‌ది. 2012 జనవరి 20న సుప్రీంకోర్టు ఆ కంపెనీకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మే నెలకల్లా కేంద్రం చట్టాన్ని సవరించి, అమ్మకం విదేశంలో జరిగినా విలువ ఇక్కడి ఆస్తులదైతే పన్ను ఇక్కడే అంది; అది 1962 నుంచే వర్తిస్తుందంది. ఎప్పుడో ముగిసిన లావాదేవీలకు కొత్త రూలు! కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది.

శాంతా కేసు అప్పటికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఉంది. జస్టిస్ గోడా రఘురాం, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావుల ధర్మాసనం 2013 ఫిబ్రవరి 15న తీర్పు చెప్పింది. భారత్, ఫ్రాన్స్ పన్ను ఒప్పందంలోని 14(5) క్లాజు ప్రకారం, ఒక కంపెనీలో కనీసం పది శాతం వాటా అమ్మితే, ఆ కంపెనీ ఏ దేశానిదో పన్ను ఆ దేశానిది. అమ్ముడుపోయింది షాన్‌హెచ్, అది ఫ్రాన్స్ కంపెనీ. అది పన్ను ఎగ్గొట్టడానికి పెట్టిన ఉత్తుత్తి కంపెనీ కాదని కూడా కోర్టు తేల్చింది. మన చట్టాన్ని మనం వెనక తేదీతో మార్చుకున్నా, ఇంకో దేశంతో రాసుకున్న ఒప్పందం దానంతట అది మారదంది. నా దృష్టిలో ఈ తీర్పుకు ప్రాణం ఈ మాటే. ఒప్పందంలో లోటు ఉందనిపిస్తే ఫ్రాన్స్‌తో మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి గానీ, అవతలి వాళ్లను అడక్కుండా ఇవతల దిద్దుకోవడం ఏం న్యాయం?

2012 మే 28కి ముందు జరిగిన ఇలాంటి లావాదేవీలపై వెనక తేదీ పన్నును కేంద్రం 2021 ఆగస్టులో వదులుకుంది. కేసులు వెనక్కి తీసుకున్నవాళ్లకు, కట్టిన సొమ్మును వడ్డీ లేకుండా తిరిగిస్తామంది.