మూలన నిలబడ్డవాళ్ల ముఖాలు

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మాకు తెలిసినాయన స్టూడియో మూసేస్తూ, తన పాత ఎన్‌లార్జరు (నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం), ఒక డబ్బా నెగటివ్‌లు నాకిచ్చేశాడు. అందులో పదో తరగతి గ్రూప్ ఫొటో ఒకటుంది. నాలుగు అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు ఉన్న పెద్ద ఫిల్ము. తిరుపతిలో మా ఇంటి మెట్ల కింద గదిని డార్క్ రూమ్ చేసుకుని మొదట దాన్నే 16×20 అంగుళాల కాగితం మీద వేశాను. హెడ్మాస్టరు చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. వెనక వరసలో రెండు చివర్లా ఉన్న పిల్లల ముఖాలు మాత్రం తెల్లగా పాలిపోయి, అలికేసినట్టున్నాయి.

ఆ స్టూడియో మామకు తీసుకెళ్లి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "హెడ్మాస్టరు బాగుండాడు. మూలన ఉండేవాళ్లు డబ్బులు ఇయ్యలేదా నాయినా?" అన్నాడు. "ఏ లెన్సు పెట్టినావు?"

"105 మిల్లీమీటర్లది మామా."

"అదే మరి" అని కాఫీకి లేచాడు.

లెన్సు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్, లెన్సు మీద మి.మీ.లో రాసి ఉండే అంకె) నెగటివ్ కర్ణానికి, అంటే మూల నుంచి ఎదుటి మూలకు ఉండే కొలతకు, దగ్గరగా ఉండాలన్నది డార్క్ రూమ్‌లో పాత లెక్క. 35 మి.మీ. ఫిల్ముకు 50 మి.మీ. లెన్సు, 6×9 సెంటీమీటర్ల నెగటివ్‌కు 105. నా నెగటివ్‌లో బొమ్మ కర్ణం దాదాపు 155 మి.మీ. కాబట్టి దీనికి 135 గానీ 150 గానీ ఉండాలి.

పొట్టి లెన్సు నెగటివ్‌కు దగ్గరగా కూర్చుంటుంది. గోవిందరాజస్వామి గుడి గోపురం మొదట్లో నిలబడి కలశాలు చూడాలంటే మెడ పట్టేస్తుంది, దూరంగా వెళ్తే ఆ బాధ లేదు. లెన్సుదీ అదే ఇబ్బంది. నాలుగింతలు పెంచినప్పుడు 105 లెన్సు నెగటివ్ మూలను సుమారు 30 డిగ్రీల వాలులో చూడాలి, 150 అయితే 22 డిగ్రీలు చాలు. ఈ వాలు వెలుగును మూడు రకాలుగా తినేస్తుంది. మూలకు వెళ్లే కాంతికి దూరం ఎక్కువ. పక్కనుంచి చూస్తే లెన్సులోని గుండ్రటి రంధ్రం కోలగా, చిన్నదిగా కనిపిస్తుంది. కాగితం మీద వెలుగు ఏటవాలుగా పడి పలచబడుతుంది. అన్నీ కలిపితే ఆ కోణం కొసైన్‌కు నాలుగో ఘాతం. మధ్యలో పడే వెలుగు నూరైతే, మూలలో 105కి 55, 135కి 68, 150కి 73.

వెలుగు తగ్గితే మూలలు నల్లబడాలి కదా, తెల్లబడ్డాయేమిటని నేనూ తికమకపడ్డాను. మనం వేసేది నెగటివ్ నుంచి. కాగితానికి తక్కువ వెలుగు తగిలితే అది తెల్లగానే మిగులుతుంది. ఫొటో తీసిన కెమెరా లెన్సుకూ ఇదే జబ్బు, కానీ అక్కడ నెగటివ్ మూలలు పలచనై, ప్రింటులో నల్లగా వస్తాయి. అంటే ఒక లెన్సు చేసిన తప్పును ఇంకోటి కొంత దిద్దుతుంది! నా 105 మరీ అతిగా దిద్దేసిందన్నమాట.

ముఖాలు అలికేసినట్టు రావడానికి కారణం వేరే: లెన్సు వేసే బొమ్మ అంచుల్లో చదునుగా ఉండకపోవడం. 1840లో గణితవేత్త పెట్స్‌వాల్ రూపొందించిన పోర్ట్రెయిట్ లెన్సు బొమ్మను గిన్నె లోపలివైపులా వంచి పడేసేది. మధ్య ముఖం స్పష్టంగా, చుట్టూ మసకగా వచ్చేసరికి పోర్ట్రెయిట్‌కు అది అందమే అయింది. ఎన్‌లార్జరులో నెగటివ్ చదును, కాగితం చదును. అందుకే ఎన్‌లార్జింగ్ లెన్సును చదునైన బొమ్మ కోసం, దగ్గర దూరాల కోసం ప్రత్యేకంగా లెక్కకడతారు. రోడగాన్, కాంపొనాన్-ఎస్, ఈఎల్-నిక్కోర్ 150 లెన్సుల్లో ఆరేసి గాజులుంటాయి. నాలుగు గాజుల టెస్సార్ రకం కూడా చిన్న ప్రింట్లకు బాగానే పనిచేస్తుంది. ఇవేవైనా సరే, కొనేముందు ఫోను టార్చి వేసి లోపల బూజు చూడండి. నా మటుకు, పెద్ద పేరున్న బూజు లెన్సు కన్నా శుభ్రమైన మామూలు లెన్సే మేలు.

మరి అందరూ 150 కొనొచ్చు కదా అంటే, ఎన్‌లార్జరు స్తంభం ఎత్తు ఒప్పుకోవాలి. నాలుగింతలకు నెగటివ్ నుంచి కాగితం దాకా 150కి 94 సెంటీమీటర్లు కావాలి, 135కి 84. మా మెట్ల కింద దీపం గూడు కూడా పట్టాలి కాబట్టి 135తో సరిపెట్టుకున్నాను. లెన్సు మార్చినప్పుడు దీపం కింద వెలుగును పోగుచేసి లెన్సు వైపు పంపే కండెన్సర్ గాజులనూ దానికి తగ్గట్టు మార్చాలి, లేకపోతే వెలుగు మళ్లీ మధ్యలోనే కుప్పపడుతుంది.

లెన్సు రంధ్రం ఎఫ్/11 దగ్గర పెట్టాను (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఇంకా బిగిస్తే ఇంకా స్పష్టత వస్తుందనుకుంటాం. ఎఫ్/22 దగ్గర నాలుగింతల ప్రింటులో ఒక్కో చుక్క వివర్తనం (సన్న రంధ్రం దాటిన వెలుగు చెదిరి పరుచుకోవడం) వల్ల సుమారు 0.15 మి.మీ. వెడల్పుకు విచ్చుకుంటుంది, ఎఫ్/11లో అందులో సగమే. చేతిలో పట్టుకుని చూస్తే కంటికి 0.1 మి.మీ. తేడా దొరికిపోతుంది.

ఇంతా చేశాక కూడా ఒక ప్రింటు పోయింది. మే నెల, బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, పైన దీపం వేడి. పెద్ద ఫిల్ము ఎక్స్‌పోజర్ మధ్యలో అప్పడంలా పొంగింది. ఏ లెన్సయినా దీనికేం చేస్తుంది? రెండు గాజు పలకల మధ్య బిగించాను. తుడవాల్సిన దుమ్ము నాలుగింతలైంది గానీ నెగటివ్ కదలడం మానేసింది.

చివరి ప్రింటుకు ఇరవై సెకన్ల వెలుగు మొత్తానికి, చేయి అడ్డుపెట్టి మూలలకు మాత్రం ఇంకో ఐదు. మామ భూతద్దం పెట్టి ముందు వెనక వరస చివర్లే చూశాడు. ఎడమ చివరి కుర్రాడు సరిగ్గా ఆ క్షణంలో కళ్లు మూసుకున్నాడని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.