వాచీ అద్దం మీద గీత పడితే టూత్‌పేస్టు పనిచేస్తుందా?

వాచీ అద్దం మీద గీత పడిందని ఎవరితోనైనా అని చూడండి, మొదట వచ్చే సలహా టూత్‌పేస్టే. కాస్త పేస్టు పెట్టి మెత్తటి గుడ్డతో రుద్దితే కొత్తదానిలా అయిపోతుందని ఒకరు ఒట్టేసి చెప్తారు, గంటసేపు రుద్దినా చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఏమీ కాలేదని ఇంకొకరు అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మనం అన్నిటినీ కలిపి అద్దం అనేస్తాం గానీ వాచీల మీద ఉండేవి మూడు వేర్వేరు పదార్థాలు. ఒకటి ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్, రెండోది గాజు (వాచీల వాళ్లు దీన్నే మినరల్ గ్లాస్ అంటారు), మూడోది సఫైర్ అనే స్ఫటికం. మీ చేతికున్నది ఏదో తేలకముందే పేస్టు ట్యూబు మూత తీయకండి.

ఏది దేన్ని గీయగలదు అనే ప్రశ్నకు ఇప్పటికీ వాడుతున్న జవాబు 1812 నాటిది. ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను వరసలో నిలబెట్టాడు. పౌడర్లలో వాడే టాల్క్‌కి 1, వజ్రానికి 10. వరసలో పైనున్నది కిందున్నదాన్ని గీస్తుంది, కిందున్నది పైదాన్ని గీయలేదు, అంతే లెక్క. ఇది ర్యాంకుల పట్టిక మాత్రమే కాబట్టి 9కీ 10కీ మధ్య ఉన్న అసలు దూరం 1కీ 9కీ మధ్య ఉన్నదానికంటే కూడా ఎక్కువ, కానీ వాచీ సంగతి తేల్చడానికి ఈ మాత్రం చాలు. ఈ వరసలో ఆక్రిలిక్ 3కి అటూ ఇటూగా ఉంటుంది, గాజు ఐదున్నర దగ్గర, సఫైర్ 9.

ఇప్పుడు గీతలు పెట్టేది ఎవరో చూద్దాం. చాలామంది జేబులోని తాళంచెవుల మీద నేరం మోపుతారు. ఇత్తడి తాళంచెవి గాజు కంటే మెత్తన, అది గాజును గీయలేదు. అసలు దొంగ ఇసుక. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం మోస్ వరసలో 7, అంటే గాజు కంటే గట్టిది. అది ఎక్కడ లేదు చెప్పండి? సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన గోడ నిండా ఇసుకే, ఇరుకు మెట్ల దగ్గర మణికట్టు గోడకు రాసుకుంటే చాలు. వంటింటి గ్రానైట్ బండల్లో చాలావాటిలో కూడా క్వార్ట్జ్ ఉంటుంది. రోడ్డు మీద లేచే దుమ్ములో ఉంటుంది, ఆ దుమ్ము అద్దం మీద పడ్డాక మనం చేసే పని ఏమిటంటే, చొక్కా అంచుతో గట్టిగా తుడవడం. అంటే క్వార్ట్జ్ రేణువులను మనమే వేలితో నొక్కి అద్దం మీద ఈడుస్తున్నాం! ముందు ఉఫ్‌మని ఊదండి, తర్వాత తుడవండి.

గీత తెల్లగా ఎందుకు కనిపిస్తుంది అన్నది ఇంకా సరదా విషయం. అద్దం లోపల రంగేమీ మారలేదు, కొంచెం పదార్థం పోయింది, అంతే. నున్నటి ఉపరితలం మీద పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది, మిగతాది నేరుగా లోపలికి వెళ్తుంది. గీత గోడలు మాత్రం ఎగుడుదిగుడుగా, సన్నటి పగుళ్లతో ఉంటాయి కాబట్టి అక్కడ పడ్డ వెలుగు చెల్లాచెదురై అన్ని వైపులా పోతుంది, అందులో కొంత మన కంట్లో పడుతుంది. గాజుకూ గాలికీ వక్రీభవన గుణకాల్లో, అంటే వెలుగును ఎంత వంచుతాయో చెప్పే అంకెల్లో, తేడా ఎక్కువగా ఉండటం వల్లే ఇదంతా (గాజుది 1.52, గాలిది 1). నమ్మకం కుదరకపోతే గీతలు పడ్డ గాజు మీద ఒక చుక్క కొబ్బరినూనె రాయండి. నూనెది 1.45 దాకా ఉంటుంది, గీతలోకి దిగి గాలిని బయటికి పంపేస్తుంది, సన్న గీతలైతే మాయమైపోతాయి. తుడిచేస్తే మళ్లీ ప్రత్యక్షం. రాయిదెబ్బ తగిలిన కారు అద్దంలో రెజిన్ అనే తేట జిగురు నింపేవాళ్లు ఆధారపడేది కూడా దీనిమీదే. సఫైర్ దగ్గర ఈ కిటుకు అంత బాగా పారదు, దాని గుణకం 1.77.

సరే, చేతిలో ఉన్నది ఏదో కనుక్కోవడం ఎలా? సఫైర్ అయితే చాలా కంపెనీలు వాచీ వెనక మూత మీద చెక్కుతాయి. ఏమీ రాసి లేకపోతే గోటితో కొట్టి వినండి. ఆక్రిలిక్ మందంగా, డొల్లగా మోగుతుంది, పైగా పాత వాచీల్లో అది మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. గాజుకూ సఫైర్‌కూ తేడా పెదవితో పట్టుకోవచ్చు. సఫైర్ వేడిని గాజు కంటే సుమారు ముప్పై రెట్లు బాగా లాగేస్తుంది, అందుకే పెదవికి ఆనిస్తే చల్లగా తగులుతుంది, నోటితో ఆవిరి ఊదితే ఆ పొర చకచకా ఆరిపోతుంది. గాజుదని ఖాయంగా తెలిసిన ఇంకో వాచీ పక్కన పెట్టుకుని చూస్తేనే ఈ పరీక్షకు అర్థం. నీటి చుక్క వేసి చూడమని కొందరు చెప్తారు గానీ పైన పూత ఉన్నా, జిడ్డు ఉన్నా అది తప్పుడు జవాబిస్తుంది.

ఆక్రిలిక్ అని తేలిందా, అయితే మీరు అదృష్టవంతులు. మన ఇళ్లలో బీరువా అడుగున దొరికే హెచ్ఎంటీ జనతా లాంటి కీ ఇచ్చే వాచీలన్నీ దాదాపు ఇవే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ వాచీలు మన దగ్గర ఒక తరం మొత్తానికి పెళ్లి కానుకలు, ఉద్యోగం వచ్చిన సందర్భాలు. ప్లాస్టిక్ అద్దం అంటే చవకబారు అనుకోవద్దు. 1965లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరీక్షలు పెట్టి ఎంచుకున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ మీద ఉన్నదీ ఆక్రిలిక్కే, చంద్రుడి దాకా వెళ్లింది. గాజయితే దెబ్బ తగిలినప్పుడు ముక్కలవుతుంది, బరువు తెలియని చోట ఆ ముక్కలు గాల్లో తేలుతూ కళ్లలోకీ యంత్రాల్లోకీ పోతాయి. ఆక్రిలిక్ మహా అయితే చీలుతుంది. తేలిగ్గా గీతలు పడటం దాని బలహీనత నిజమే, కానీ అంత మెత్తన కాబట్టే తేలిగ్గా బాగవుతుంది కూడా.

టూత్‌పేస్టు గెలిచేది ఇక్కడే. తెల్ల పేస్టుల్లో పళ్లను రుద్దడానికి వేసే కాల్షియం కార్బొనేట్ మోస్ వరసలో 3, కొన్నిట్లో వేసే సిలికా ఇంకొంచెం గట్టిది. ఆక్రిలిక్‌ను కొద్దికొద్దిగా అరగదీయడానికి ఈ గట్టితనం సరిగ్గా సరిపోతుంది. ఒక విషయం గుర్తుంచుకోవాలి, పాలిష్ పెట్టడమంటే గీతను పూడ్చడం కాదు. పొలంలో గుంట పడితే దాన్ని మట్టితో నింపకుండా మడి మొత్తాన్ని ఆ గుంట లోతుకు దించినట్టు, చుట్టూ ఉన్న పదార్థాన్ని గీత అడుగు దాకా తీసేస్తున్నాం. అందుకే గీత ఉన్నచోట మాత్రమే పట్టుబట్టి రుద్దితే అక్కడ గుంటపడి అంకెలు వంకరగా కనిపిస్తాయి. అద్దం అంతా సమానంగా రుద్దాలి. గోరు తగిలి ఆగేంత లోతు గీతలుంటే ముందు పెయింటర్లు వాడే వాటర్ పేపర్, 1000 నుంచి మొదలుపెట్టి 1500, తర్వాత 2000 నంబరు, చివర్లో పేస్టో, ప్లాస్టిక్ పాలిష్‌దో వంతు. మధ్యలో అద్దం మొత్తం పొగచూరినట్టు మసకబారుతుంది, టెన్షన్ పడక్కర్లేదు, పెద్ద గీతను చెరిపి దాని స్థానంలో వేల సన్నగీతలు పెడుతున్నాం, ప్రతి మెట్టులో అవి ఇంకా సన్నబడుతూ చివరికి వెలుగును చెదరగొట్టలేనంత చిన్నవైపోతాయి. చుట్టూ ఉన్న లోహపు అంచుకు సెలోటేప్ అంటించడం మర్చిపోవద్దు. పాత వాచీల్లోకి నీళ్లు పోతాయి కాబట్టి కడగొద్దు, తడిగుడ్డతో తుడవండి. నెయిల్ పాలిష్ తీసే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకండి, అందులోని ఎసిటోన్ ఆక్రిలిక్‌ను కరిగిస్తుంది.

గాజు దగ్గరికొస్తే కథ మారిపోతుంది. పేస్టులోని పొడి గాజు కంటే మెత్తన లేదా దాదాపు సమానం, జీవితాంతం రుద్దినా పెద్దగా అరగదు. గాజుకు పనికొచ్చేది సీరియం ఆక్సైడ్ అనే లేత పసుపు పొడి, కళ్లద్దాలనూ కెమెరా లెన్సులనూ మెరుగు పెట్టేది దీనితోనే. ఇది గట్టిదనం ఒక్కదానితో నెగ్గదు, రసాయనం కూడా కలుస్తుంది. నీళ్లు తగిలిన గాజు పైపొర కాస్త మెత్తబడుతుంది, సీరియం ఆ పొరలోని సిలికాతో బంధం వేసుకుని పీక్కొచ్చేస్తుంది. (సీరియం మనకేమీ దూరపు చుట్టం కాదు, భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరం ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలో అరుదైన లోహాల వాటాలో పెద్దది దీనిదే.) అయితే ఇంట్లో సీరియంతో గాజును రుద్దడం గంటల పని, గీత లోతుగా ఉంటే ఆశ వదులుకోవచ్చు. పైగా చాలా వాచీ గాజులను కరిగించిన పొటాషియం నైట్రేట్‌లో ముంచి గట్టిపరుస్తారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి, ఆ ఒత్తిడి వల్లే అది తేలిగ్గా పగలదు. ఆ పొర మందం మైక్రోమీటర్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది, మీరు అరగదీసేది దాన్నే.

గాజు మీద గీత అందం చెడగొట్టడంతో ఆగదు. ఇంగ్లండులో విమానాల మీద పనిచేసిన ఇంజినీరు అలన్ గ్రిఫిత్ 1921లో తేల్చిన సంగతి ఇది. గాజులోని అణుబంధాల లెక్క చూస్తే అది చాలా బలంగా ఉండాలి, నిజంగా మాత్రం అందులో చిన్న భాగం బలానికే పగిలిపోతుంది, కారణం పైనున్న కంటికి కనపడని పగుళ్లు. లాగుడు బలమంతా పగులు మొనలో కూడుకుని దాన్ని ముందుకు నెడుతుంది. గాజు కోసేవాడు వజ్రపు కలంతో ఒక్క గీత గీసి చేత్తో ఫట్‌మని విరిచేది ఇందుకే. కాబట్టి గాజు మీద లోతైన గీత పడితే నా సలహా ఒక్కటే, వాచీ రిపేరు షాపుకు తీసుకెళ్లి గ్లాసు మార్పించేయండి. మామూలు గుండ్రటి గాజయితే పెద్ద ఖర్చు కాదు, ఆ పాలిష్‌కు పట్టే టైముతో పోలిస్తే అసలు ఖర్చే కాదు. నీళ్లు పోని వాచీ అయితే గ్లాసుతో పాటు కింద రబ్బరు రింగు కూడా మార్చమని అడగండి.

ఇక సఫైర్. ఇది గాజు జాతి కాదు, స్ఫటికం, అల్యూమినియం ఆక్సైడ్, మన పుస్తకాల్లో కురువిందం అని రాసేది. క్రోమియం కొంచెం కలిస్తే కెంపు, ఇనుము, టైటానియం కలిస్తే నీలం, ఏమీ కలవకపోతే నీళ్లలా తేటగా వాచీ అద్దం. దీన్ని గనిలోంచి తవ్వక్కర్లేదు. 1902లో ఫ్రాన్సులో ఒగూస్త్ వెర్నోయ్ తన పద్ధతి ప్రకటించాడు. సన్నటి అల్యూమినా (అదే అల్యూమినియం ఆక్సైడ్) పొడిని హైడ్రోజన్, ఆక్సిజన్ మంటలోంచి రాలుస్తారు, 2000 డిగ్రీలు దాటిన ఆ వేడికి పొడి కరిగి కింద చుక్కచుక్కగా పేరుకుంటూ ఒకే స్ఫటికంగా పెరుగుతుంది. అతను మొదట చేసింది కెంపులు, వాటికి పెద్ద గిరాకీ వాచీల నుంచే వచ్చింది, చక్రాల ఇరుసులు తిరిగే చోట అరుగుదల లేకుండా ఉండటానికి. జనతా డయల్ మీద 17 జ్యూవెల్స్ అని ఉంటుందే, అవి ఇవే. అంటే ఆ వాచీ పైన ఇట్టే గీతలు పడే ప్లాస్టిక్ పెట్టుకుని, ఖరీదైన వాచీల అద్దాలు చేసే పదార్థాన్నే లోపల దాచుకుంది.

సఫైర్ మీద గీత కనిపిస్తే వెంటనే నమ్మకండి. చాలాసార్లు అది గీత కాదు, ఏ అల్యూమినియం తలుపు ఫ్రేముకో రాసుకున్నప్పుడు ఆ మెత్తటి లోహమే అరిగి సఫైర్‌కు అంటుకుని ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది. అప్పటికీ పోకపోతే రెండో అనుమానం పైపూత మీద. సఫైర్ వెలుగును గాజు కంటే దాదాపు రెట్టింపు వెనక్కి తిప్పుతుంది కాబట్టి మెరుపు తగ్గించడానికి సన్నటి పూతలు వేస్తారు, ఆ పూత బయటివైపు ఉంటే గీతలు దాని మీద పడతాయి, కింద సఫైర్ క్షేమంగా ఉంటుంది. నిజంగానే సఫైర్‌ను గీయగలిగేవి ఇంట్లో కొన్నే. సాన రాయి, గరుకు కాగితం (వాటి మీద ఉండేది సిలికాన్ కార్బైడో, అల్యూమినియం ఆక్సైడో), అన్నిటికీ మించి మీ రెండో చేతి వేలికున్న వజ్రపు ఉంగరం. అలా పడ్డ గీతను తీయడానికి వజ్రపు పొడి కలిపిన పేస్టు, మెషీను, చాలా ఓపిక కావాలి, షాపులవాళ్లు కూడా మార్చేయమనే అంటారు.

అంత గట్టిదయినా సఫైర్ కూడా పెళుసే, వంగి దెబ్బను ఓర్చుకోవడం దానికి తెలియదు. గట్టినేల మీద అంచు పడేలా జారితే పెచ్చు లేస్తుంది, ఒక్కోసారి మొత్తం పగులుతుంది. అలా జరిగితే వాచీని చేతికి పెట్టుకుని తిరగకండి. పక్కనున్న బొడిపెను బయటికి లాగి ముళ్లు ఆగేలా చేసి, వాచీని బోర్లించి కవర్లో పెట్టి షాపుకు తీసుకెళ్లండి, ఎందుకంటే ఆ నలుసులు మోస్ వరసలో 9, డయల్ మీద పెయింటునూ ముళ్లనూ అవి క్షణంలో గీకేస్తాయి, యంత్రంలోకి దూరితే పళ్ల చక్రాల మధ్య చేరి వాటినీ అరగదీస్తాయి.