సెరెంగెటిని మార్చిన పశువుల టీకా

జంతువుల గురించి టీవీలో వచ్చే కార్యక్రమాలు చూసే అలవాటున్న వారెవరికైనా ఆ దృశ్యం పరిచయమే. బురద రంగు నీళ్లతో పొంగే మారా నది, గట్టు మీద దూకాలా వద్దా అని తటపటాయించే, ఆవును పోలిన పెద్ద జింకలైన వేలాది వైల్డ్‌బీస్ట్‌లు, ఒక్కటి దూకగానే వెనకాలే దుమ్ము రేపుకుంటూ దిగే మంద, నీళ్లలో కాచుకుని ఉన్న మొసళ్లు. టాంజానియాలోని సెరెంగెటి జాతీయ పార్కు, దానికి ఆనుకుని కెన్యాలో ఉన్న మసాయి మారా అభయారణ్యం కలిసిన ఈ ప్రాంతంలో ఏటా దాదాపు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు రెండు లక్షలకు పైగా జీబ్రాలు, లక్షల సంఖ్యలో గజెల్ జింకలు గడ్డినీ వానలనూ వెతుక్కుంటూ వలయాకారంలో తిరుగుతాయి. సృష్టి మొదలైన నాటి నుంచీ ఇది ఇలాగే సాగుతున్నదని వ్యాఖ్యాత గంభీర స్వరంతో చెబుతుంటే మనమూ నమ్ముతాం. కానీ 1961లో విమానం నుంచి లెక్కపెట్టినప్పుడు అక్కడ కనిపించిన వైల్డ్‌బీస్ట్‌లు సుమారు రెండు లక్షల అరవై వేలు మాత్రమే. వలస పాతదే, వైల్డ్‌బీస్ట్ కూడా అక్కడ ఎంతో పాత ప్రాణే, కానీ మనం తెర మీద చూసే ఆ సంఖ్య మాత్రం గత అరవై ఏళ్లలో వచ్చింది. పార్కులో ఎవరో చేపట్టిన వన్యప్రాణి సంరక్షణ పథకం వల్ల అది రాలేదు. పార్కు బయట ఊళ్లలోని ఆవులకు వేసిన టీకా వల్ల వచ్చింది.

ముందు ఆ నేల గురించి కొంత తెలుసుకోవాలి. అక్కడి పశువుల కాపరులైన మసాయిల భాషలో అంతులేని మైదానం అనే అర్థం వచ్చే మాట నుంచి సెరెంగెటి పేరు పుట్టింది. 1951లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. ఆగ్నేయాన ఉన్న పొట్టి గడ్డి మైదానాల్లో ఏడాదికి ఐదు వందల మిల్లీమీటర్ల వాన పడడమే ఎక్కువ. వాయవ్యంగా పోయే కొద్దీ అది పెరుగుతూ మారా నది వైపు అంతకు రెట్టింపు దాకా చేరుతుంది. ఈ లెక్కన జంతువులు ఏడాది పొడుగునా తడిగా ఉండే ఉత్తరానే ఉండిపోవాలి. అయినా నవంబరు, డిసెంబరుల్లో వానలు మొదలు కాగానే మందలన్నీ చుక్క మంచినీరు నిలవని దక్షిణ మైదానాలకే పరుగు తీస్తాయి. కారణం బూడిద. గోరోంగోరో ఎత్తైన భూముల్లోని అగ్నిపర్వతాలు, ముఖ్యంగా నేటికీ చల్లారని ఓల్ డోయిన్యో లెంగాయి, వేల ఏళ్లుగా వెదజల్లిన బూడిద ఆ మైదానాల మీద పరుచుకుంది. లెంగాయి వింత పర్వతం. మిగతా అగ్నిపర్వతాల నుంచి సిలికా నిండిన లావా వస్తే, దీని నుంచి సోడియం, కాల్షియం కార్బొనేట్లతో కూడిన నల్లటి పలుచని లావా పారుతుంది, ఆరి నీరు తగిలాక తెల్లబడుతుంది. ఆ బూడిదలోని కాల్షియం వాన నీటితో కిందికి దిగి, నేల లోపల సిమెంటు గచ్చులాంటి గట్టి పొరగా పేరుకుంది. చెట్ల వేళ్లు ఆ పొరను చీల్చుకుని పోలేవు కాబట్టి అక్కడ గడ్డి తప్ప మరేమీ పెరగదు. ఆ గడ్డిలో మాత్రం పాలిచ్చే తల్లికి కావలసిన కాల్షియం, భాస్వరం పుష్కలంగా ఉంటాయి.

అందుకే ఈనడానికి వైల్డ్‌బీస్ట్‌లు ఆ చోటునే ఎంచుకుంటాయి. ఫిబ్రవరిలో రెండు మూడు వారాల వ్యవధిలోనే అత్యధిక భాగం దూడలు పుట్టేస్తాయి. దుమ్ములగొండ్లూ సింహాలూ ఎంత తిన్నా తరగనన్ని దూడలు ఒక్కసారిగా నేల మీద పడడమే ఇందులోని రక్షణ. తల్లి నాకుతుండగానే, ఒంటి మీద మాయ పొర ఇంకా ఆరకముందే, దూడ ముందు మోకాళ్ల మీద లేవబోయి బోర్లా పడుతుంది, మళ్లీ లేస్తుంది, కాళ్లు ఎడంగా పెట్టి ఊగుతూ నిలబడుతుంది. ఇదంతా సగటున ఏడెనిమిది నిమిషాల్లో ముగుస్తుంది. మరి కాసేపటికి అది తల్లి వెంట పరుగెత్తగలదు. మన ఇంటి ఆవుదూడ లేచి పొదుగు వెతుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో చూసిన వారికి ఈ తొందర విలువ తెలుస్తుంది. ఇంత ఏర్పాటు ఉన్నా 1960ల మొదటి దాకా ఆ మందల్లో ఒక ఈడు జంతువులు అంతుబట్టకుండా రాలిపోతుండేవి. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఉన్నంత కాలం దూడ బాగానే ఉండేది. ఆరేడు నెలలకు ఆ రక్షణ కరిగిపోగానే జ్వరం, పారుడు పట్టుకుని చచ్చిపోయేది. ఆ రోగం పేరు రిండర్‌పెస్ట్. మన పశువైద్యులు ముసర వ్యాధి అని రాసేదీ, పల్లెల్లో పెద్దరోగం అని భయపడిందీ దీనినే.

ఇది ఆఫ్రికా పుట్టుక కాదు. 1887లో ఎరిత్రియాలో దిగిన ఇటలీ సైన్యానికి మాంసం కోసం తెప్పించిన పశువులతో అది తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టిందనీ, ఆ పశువులు భారతదేశం నుంచి వచ్చినవనీ చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. మన పశువులు తరతరాలుగా ఆ రోగంతో వేగి కొంత తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయి, అక్కడివి దానిని ఎన్నడూ ఎరుగవు. ఇథియోపియా నుంచి దక్షిణానికి మంటలా పాకి 1891 నాటికి నేటి టాంజానియాను చుట్టేసింది, 1896లో జాంబెజీ నదిని దాటి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ దాకా పోయింది. అది తగిలిన చోట పశువుల్లో పదింట ఎనిమిది, తొమ్మిది చచ్చిపోయాయి. పాలు, నెత్తురు, మాంసం అన్నీ పశువు నుంచే పొందే మసాయిలకు ఆ దెబ్బ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. దాని వెంటే మశూచి వచ్చింది, కరువు వచ్చింది. ఆ కాలాన్ని వారు ఎముతాయి అంటారు; తుడిచిపెట్టుకుపోవడం అని దానికి అర్థం. 1892లో గోరోంగోరో లోయ అంచుకు చేరిన ఆస్ట్రియా అన్వేషకుడు ఆస్కార్ బౌమన్ ఎముకల గూళ్లలా మారిన మసాయి స్త్రీపురుషులు తన శిబిరం చుట్టూ తిండి కోసం మూగడం చూసి రాశాడు. అడవిదున్నలు, వైల్డ్‌బీస్ట్‌లు, జిరాఫీలు కూడా గుట్టలుగా చచ్చిపడ్డాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన ఐరోపా వేటగాళ్లూ అధికారులూ మనుషులూ మందలూ లేని ఆ బయళ్లను చూసి, ఇదే ఆఫ్రికా అసలు రూపం, మనిషి చెయ్యి పడని అడవి అని అనుకున్నారు. నా దృష్టిలో సంరక్షణ చరిత్రలో ఇంతకన్నా ఖరీదైన పొరపాటు అరుదు, ఎందుకంటే ఆ పొరపాటు మీదే తర్వాత సరిహద్దులు గీశారు.

రిండర్‌పెస్ట్ వైరస్‌కు కొన్ని బలహీనతలు ఉండేవి. ఒంటి బయట అది ఎక్కువసేపు బతకలేదు. ఒక పశువు నుంచి మరొక పశువుకు దగ్గరగా మసలడం వల్లనే అంటుకునేది. పశువు చచ్చిపోయేది, లేదా కోలుకుని జీవితాంతం రక్షణ పొందేది; రోగాన్ని లోపల దాచుకుని మోసే స్థితి ఉండేది కాదు. కాబట్టి మంచి టీకా దొరికితే దీనిని మూలాలతో సహా పెకలించవచ్చు. ఆ దిశలో తొలి పెద్ద అడుగు 1920లలో మన హిమాలయాల్లోని ముక్తేశ్వర్ పరిశోధనశాలలో పడింది, జె. టి. ఎడ్వర్డ్స్ అక్కడ మేకల్లో పదే పదే పెంచి వైరస్ పదును తగ్గించి టీకాగా మలచాడు. మన దేశంలో కోట్ల పశువులకు దానినే వేశారు, ఆఫ్రికాలోనూ వాడారు. ఆ తర్వాత కెన్యాలోని ముగుగా కేంద్రంలో వాల్టర్ ప్లోరైట్ దూడ మూత్రపిండ కణాల్లో పెంచి తయారుచేసిన టీకా మరింత సురక్షితమైనది, చవకైనది. సెరెంగెటి చుట్టూ ఉన్న ఊళ్లలో 1950లలో, 1960ల ఆరంభంలో పశువులకు వరసగా టీకాలు వేశారు. పార్కు లోపల ఒక్క వైల్డ్‌బీస్ట్‌కూ సూది గుచ్చలేదు. అయినా 1963 తర్వాత వైల్డ్‌బీస్ట్‌లలో ఆ రోగం మాయమైంది.

ఇక్కడ ఒక పాత నమ్మకం తిరగబడింది. అడవి జంతువులే రోగానికి నిలయాలనీ, వాటి నుంచి ఆవులకు అంటుతుందనీ అంతవరకు అధికారులు వాదించేవారు; నిజానికి ఆవుల మందల్లోని వైరస్సే అడవిలోకి పొంగి పొర్లుతూ ఉండేది. రుజువు నెత్తురులో దొరికింది. 1963కు ముందు పుట్టిన వైల్డ్‌బీస్ట్‌ల సీరంలో రిండర్‌పెస్ట్‌కు ఎదురు నిలిచే ప్రతిరక్షకాలు ఉన్నాయి, తర్వాత పుట్టిన వాటిలో లేవు.

ఇక లెక్కల సంగతి. 1958లో జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డ్ గ్ఝిమెక్, అతని కొడుకు మైకేల్ జీబ్రా చారలు పూసిన చిన్న విమానంలో ఎగురుతూ 99,481 వైల్డ్‌బీస్ట్‌లను లెక్కపెట్టారు. చివరి అంకె దాకా చెప్పిన ఆ నిక్కచ్చితనం ముచ్చటగా ఉన్నా, మందలో చాలా భాగం వారి కంటికి చిక్కలేదని తర్వాత తేలింది. 1959 జనవరిలో రాబందు ఢీకొని ఆ విమానం కూలి మైకేల్ చనిపోయాడు. గోరోంగోరో అంచున అతని సమాధి ఉంది. 1961 నాటి రెండు లక్షల అరవై వేలు 1977 కల్లా పదమూడు లక్షలు దాటాయి, అడవిదున్నలు కూడా ఆ కాలంలోనే రెట్టింపుకు మించి పెరిగాయి. ఈ పెరుగుదలకు మంచి వానలే కారణం కావచ్చు కదా అని అడగవచ్చు. 1965 నుంచి అక్కడ పనిచేసిన పర్యావరణ శాస్త్రజ్ఞుడు ఆంథొనీ సింక్లెయిర్, అతని సహచరులు అందుకు జవాబును జీబ్రాలలో చూపించారు. జీబ్రా గుర్రం జాతిది, నెమరు వేయదు, దాని గిట్ట చీలి ఉండదు, రిండర్‌పెస్ట్ దానికి సోకదు. అదే గడ్డి మేసి, అవే వానలు చూసి, అవే సింహాల మధ్య తిరిగిన జీబ్రాల సంఖ్య ఆ పదిహేనేళ్లలో దాదాపు ఉన్నచోటే ఉంది. ప్రయోగశాలలో ఎంత డబ్బు పోసినా ఇంత చక్కటి పోలిక అమర్చడం కష్టం.

పది లక్షల నోళ్లు అదనంగా గడ్డి మీద పడితే ఏమవుతుంది? అంతకు ముందు ఎండాకాలం నాటికి మేయగా మిగిలిన గడ్డి నిలువెత్తున ఎండి ఉండేది; పశువుల కాపరులో, వేటగాళ్లో, పార్కు సిబ్బందో పెట్టిన నిప్పుతో ఏటా పార్కులో అధిక భాగం తగలబడేది. మొలకెత్తిన తుమ్మ జాతి మొక్కలు మోకాలెత్తుకు రాకముందే మాడిపోయేవి. ఆ రోజుల్లో చెట్లు తగ్గిపోతుంటే అందరూ ఏనుగులను వేలెత్తి చూపారు, ఎందుకంటే ఏనుగు చెట్టును పడగొట్టడం కంటికి కనిపిస్తుంది, మొలక మాడిపోవడం కనిపించదు. వైల్డ్‌బీస్ట్‌లు పెరిగాక గడ్డి కురచయింది, నిప్పుకు మేత తగ్గింది, తగలబడే విస్తీర్ణం ఏటికేడాది కుంచించుకుపోయింది, మొక్కలు ఎదిగి చెట్లయ్యాయి. 1980లలో దంతాల కోసం ఏనుగులను విపరీతంగా చంపడమూ చెట్లకు కలిసివచ్చిన మాట నిజమే, కానీ లెక్కలు కట్టి చూసిన వారు ప్రధాన కారణం మంటలు తగ్గడమేనని తేల్చారు. 2009లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, మొత్తం మీద గాలిలోకి కార్బన్ వదిలే ప్రాంతంగా ఉన్న సెరెంగెటి, చెట్ల పుణ్యమా అని కార్బన్‌ను దాచుకునే ప్రాంతంగా మారింది. ఆవు చెవి పక్కన గుచ్చిన సూదికీ గాలిలోని కార్బన్‌కూ మధ్య ఉన్న ఈ దారిని ముందుగా ఊహించిన వారెవరూ లేరు.

మారా నది దృశ్యానికీ ఇందులో వాటా ఉంది. ఏటా సగటున ఆరు వేలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు ఆ నదిలో మునిగి చనిపోతాయి. వాటి బరువు వెయ్యి టన్నులు దాటుతుంది. మొసళ్లు తినేది అందులో చిన్న భాగమే. రాబందులు, బెగ్గురు కొంగలు కొంత మోసుకుపోతాయి, మెత్తని మాంసం కొద్ది వారాల్లో కరిగిపోయి చేపలకు చేరుతుంది, ఎముకలు మాత్రం ఏడేళ్ల పాటు నీటి అడుగున ఉండి కొద్దికొద్దిగా భాస్వరాన్ని వదులుతుంటాయి. ఆ ఎముకల మీద పట్టే పాచిని మేసి బతికే చేపలకు వైల్డ్‌బీస్ట్ ముఖం కూడా తెలియదు. సింహాలకు తిండి పెరిగింది, అయితే వాటికి మరో కష్టం వచ్చింది. 1994లో ఊరకుక్కల నుంచి వచ్చిన డిస్టెంపర్ వైరస్ సెరెంగెటి సింహాలలో మూడో వంతును బలి తీసుకుంది. ఆ వైరస్ రిండర్‌పెస్ట్‌కు దగ్గరి చుట్టమే. మన పిల్లలకు వచ్చే తట్టు కూడా అదే కుటుంబం, పశువుల నుంచి మనిషిలోకి వచ్చి వేరుపడినదేనని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అప్పుడూ చికిత్స పార్కు బయటే మొదలైంది: చుట్టుపక్కల ఊళ్లలోని కుక్కలకు టీకాలు.

పార్కు ఆరోగ్యం చుట్టూ ఉన్న ఊళ్ల పశువుల ఆరోగ్యం మీద ఇంతగా ఆధారపడి ఉందని తెలిశాక, 1959లో మసాయిలను సెరెంగెటి నుంచి పంపేసి గోరోంగోరోను వేరే సంరక్షిత ప్రాంతంగా విడదీసిన నిర్ణయం వేరుగా కనిపిస్తుంది. గోరోంగోరోలో పశువులతో ఉండవచ్చని అప్పట్లో వారికి ఇచ్చిన మాట ఇప్పుడు మళ్లీ వివాదంలో పడింది. 2022 నుంచి అక్కడి కుటుంబాలను మ్సోమెరా అనే చోటికి తరలిస్తున్నారు, స్వచ్ఛందంగానే అని ప్రభుత్వం, కాదని మసాయి సంఘాలు అంటున్నాయి. జనం పెరిగారు, మేత చాలడం లేదు అనే వాదనలో కొంత నిజముంది. ఆ మైదానాలు మనిషి అడుగు పడనివి అనే వాదనలో మాత్రం లేదు. ఎముతాయికి ముందు మసాయి ఆవులూ వైల్డ్‌బీస్ట్‌లూ ఒకే బూడిద నేల మీద, కాస్త ఎడం పాటిస్తూ, మేసేవి.

భారతదేశం నుంచి ఆ రోగం 1990ల మధ్యకల్లా కనుమరుగైంది. 2011లో ప్రపంచమంతటా అంతమైనట్లు ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి నిర్మూలించిన రెండో అంటురోగం అది. చిట్టచివరి కేసు 2001లో కెన్యాలో బయటపడింది. వందేళ్లకు పైగా ఆవులను, ఆవుల మనుషులను చంపుతూ తిరిగిన ఆ వైరస్ ఆఖరి జాడ దొరికింది ఒక జాతీయ పార్కులో, మేరు అనే చోట, అడవిదున్నల మందలో.