పక్కవీధి జబ్బు, మన వీధి కుళాయి

చిరంజీవులు అక్షర, నందులకు విజయవాడ నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నందు ఫోనులో అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతయ్యా, విరేచనాలు పట్టుకుంది వెనకవీధి వాళ్లకి కదా, మా కుళాయి ఎందుకు కట్టేశారు? ఒక అక్క వచ్చి మీ ఇంట్లో ఎవరికైనా వాంతులవుతున్నాయా అని రాసుకుని పోయింది. మందు కూడా ఇవ్వలేదు" అన్నావు. నాలుగు రోజులుగా ట్యాంకరు దగ్గర బిందెలతో మీ అమ్మ పడే పాట్లు చూసి నీకు కోపం వచ్చింది. రావడం సహజమే. ఫోనులో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అక్కకి కూడా చదివి వినిపించు.

నేను నీ అంత ఉన్నప్పుడు గుంటూరులో మా సందు చివర మస్తాన్ బాబాయి సైకిల్ షాపు ఉండేది. సెలవుల్లో ఆయన దగ్గర అద్దె సైకిలు తీసుకుని వెళ్లడం, తుమ్మముల్లు గుచ్చుకుంటే దాన్ని నడిపించుకుంటూ తిరిగి రావడం మాకు మామూలు. బాబాయి ఒక్క మాట అనేవాడు కాదు. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, టైరులోంచి ట్యూబు లాగి, గాలి కొట్టి, ఇనప తొట్టిలో నల్లగా మురిగిన నీళ్లలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పేవాడు. ఒకచోట సన్నగా, పూసలు గుచ్చినట్టు బుడగలు లేచేవి. అక్కడ వేలు పెట్టి, పైకి తీసి, పంచె అంచుతో తుడిచి, పెన్సిలు ముక్కతో సున్న చుట్టేవాడు. నేను తొందరపడి "దొరికిందిగా, ప్యాచ్ వేసెయ్ బాబాయ్" అంటే, "ముల్లు ఒక్కచోటే గుచ్చిందని నీకెవరు చెప్పార్రా? ట్యూబునే అడుగుదాం" అని మళ్లీ ముంచాడు. రెండోచోట కూడా బుడగలు లేచాయి.

మీ ఇంటికొచ్చిన అక్క చేసిన పని అదే. ఆమె చేతిలో ఉన్న పుస్తకమే ఆ నీళ్ల తొట్టి. జబ్బు పడిన ప్రతి ఇల్లూ ఒక బుడగ.

ఒక ఇంట్లో ఇద్దరికి విరేచనాలైతే ఏదో పడని తిండి తిన్నారనుకుంటాం. ఒకే వీధి నుంచి ఒకే రోజు ఆరేడుగురు వార్డులోని ఆరోగ్య కేంద్రానికి వచ్చారంటే సంగతి వేరు. అక్కడి డాక్టరుగారు వెంటనే కార్పొరేషన్ హెల్త్ ఆఫీసరుకి చెప్పాలి. అక్కడి నుంచి కబురు కమిషనరుగారికీ, నీళ్ల విభాగం ఇంజినీర్లకీ వెళుతుంది. ఆ పూటే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు వీధులు పంచుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఎంతమందికి, ఎప్పటి నుంచి, ఏ నీళ్లు తాగుతున్నారు, బయట ఏం తిన్నారు? ఈ నాలుగు ప్రశ్నలే. సాయంత్రానికి ఆ ఇళ్లన్నీ పటం మీద చుక్కలవుతాయి. చుక్కలు ఒక పానీపూరీ బండి చుట్టూ మూగితే ఆ బండి ఆపుతారు. ఒక పైపు వెంట బారులు తీరితే ఆ పైపు కట్టేస్తారు. వీధుల పేర్లు మనం పెట్టుకున్నవి, పైపుకి అవేం తెలియవు నందూ. మీ కుళాయీ వెనకవీధి కుళాయీ ఒకే తీగకి కాసిన కాయలు.

మరి నీళ్లు చెడ్డవెందుకయ్యాయి? ఉండవల్లి దగ్గర కృష్ణలోంచి తోడిన నీళ్లు తక్కెళ్ళపాడులో శుద్ధి అయి, క్లోరిన్ కలిపాకే గుంటూరు వీధుల్లోకి వస్తాయి. అక్కడి నుంచి బయల్దేరినప్పుడు అవి మంచివే. దారిలో పైపు మురుగుకాలువలో మునిగి పోతుంది చూడు, చిక్కంతా అక్కడే. కుళాయి వదిలినంతసేపూ లోపలి నీళ్లు బయటికి తోస్తాయి కనుక చిల్లు ఉన్నా మురుగు లోపలికి రాదు. మన ట్యూబులో గాలి బయటికి పోయినట్టే. ట్యూబుకీ పైపుకీ తేడా ఆ తరవాతే. కుళాయి కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు పీల్చడం మొదలుపెడుతుంది. పక్కనే మురుగు ఉంటే మురుగునే పీలుస్తుంది. కొబ్బరిబొండాంలో వేసుకునే స్ట్రాకి మధ్యలో సూదితో చిల్లు పొడిచి, కింది కొన మడిచి మూసి, ఆ చిల్లు మునిగేలా రంగునీళ్ల గిన్నెలో ఉంచి పీల్చి చూడు, నీకే తెలుస్తుంది. కుళాయికే నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్లున్నాయే, వాళ్లు ఈ పీల్చుడుని ఇంకా పెంచుతారు. మీ నాన్నకి చెప్పు, అలాంటి మోటారు మన ఇంట్లో ఉండకూడదు.

ఇల్లిల్లూ తిరిగి జబ్బు మూలం పట్టుకున్న కథ ఒకటి 1854లో లండన్‌లో జరిగింది. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టూ కలరా వచ్చి కొద్ది రోజుల్లో 600 మందికి పైగా చనిపోయారు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం చనిపోయినవాళ్ల ఇళ్లు వెతికి, వాళ్లు ఏ నీళ్లు తాగారో అడిగాడు. దాదాపు అందరూ ఆ వీధిలోని ఒకే చేతిపంపు నీళ్లు తాగినవాళ్లే. పక్కనే ఉన్న బీరు ఫ్యాక్టరీ కూలీలకి ఏమీ కాలేదు, ఎందుకంటే వాళ్లు ఆ పంపు నీళ్లు ముట్టేవారు కాదు. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక ముసలావిడ మాత్రం పోయింది. ఆ పంపు నీళ్ల రుచి మీద మమకారంతో రోజూ బండి మీద తెప్పించుకునేదట. సెప్టెంబరు 8న ఆ పంపు చేయి ఊడదీయించారు. స్నో మాట అస్సలు నమ్మని హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి గురువు, అది తప్పని రుజువు చేద్దామని తనూ గడప గడపా ఎక్కాడు. జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు బావి పక్క గుంటలో పోశారన్న సంగతి చివరికి ఆయనే బయటపెట్టాడు. అడిగాడు గనక తెలిసింది.

అడిగితే చెప్పకపోతే ఏమవుతుందో కూడా మీకు చెప్పాలి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేమున్న చోట నాలుగు వాటాలకీ కలిపి ఒకటే బావి. ఆ వానాకాలం ఊళ్లో వాంతిభేది తిరిగింది. మా చెల్లి లోపలి గదిలో నులకమంచం మీద పడి ఉంది, కళ్లు లోతుకి పోయి, పెదవులు ఎండిపోయి. ఖాకీ చొక్కా వేసుకున్న ఆరోగ్యం వాళ్లు పుస్తకం, బ్లీచింగ్ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. పిల్లని ఆసుపత్రికి ఎత్తుకుపోతారని, తీసుకెళితే ఇక తిరిగి రాదని మా నాయనమ్మకి భయం. "మా ఇంట్లో అందరం కులాసా నాయనా" అంది. ఆయన నా వైపు తిరిగి "నిజమేనా బాబూ?" అన్నాడు. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డ నేను నిజమేనని తలూపాను. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. జబ్బున్న ఇళ్ల బావుల్లో ముందు బ్లీచింగ్ వేస్తున్నారు, మాది ఆ పూట మిగిలిపోయింది. చెల్లి ఎలాగో తేరుకుంది. మూడోరోజు పక్కవాటా పిన్నిగారిని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బడికి వెళుతుంటే పిలిచి నా చొక్కా గుండీలు సరిచేసే మనిషి. మళ్లీ ఇంటికి రాలేదు. ఆమె ఏ నీళ్ల వల్ల పడిందో ఎవరు చెప్పగలరు? కానీ ఆ తలూపు నాకు ఈ వయసులో కూడా గుర్తొస్తూనే ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, ఆ అక్క మళ్లీ వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. విరేచనాలు సిగ్గుపడే జబ్బు కాదు. ఆమె సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటాయి, జబ్బున్న ఇంట్లో ఇస్తుంది. ఉప్పు, చక్కెర నీళ్లేగా అని తీసిపారేయకండి. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ దగ్గర, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఇవే కలిపి తాగించారు. నూటికి 30 మంది దాకా పోతున్న కలరాలో ఆ లెక్క నాలుగు లోపుకి పడిపోయింది.

ఇక కాలువ గట్టున తెల్లగా ముగ్గులా చల్లిన పొడి చూసి అందరూ పని జరిగిందనుకుంటారు. నాకు దానికన్నా కుళాయి దగ్గర గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేసే కుర్రాడి పని ముఖ్యం. నీళ్లు పసుపు రంగుకి తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మీ గుమ్మం దాకా మిగలాలి. రంగు రాకపోతే దారిలో ఏదో దాన్ని తినేసింది.

ప్యాచ్ వేశాక మస్తాన్ బాబాయి ఊరుకునేవాడు కాదు. టైరు లోపల చుట్టూ బొటనవేలితో తడిమేవాడు. ముల్లు లోపలే ఉండిపోతే సాయంత్రానికి మళ్లీ గాలి పోతుందని. పైపు చిల్లు పూడ్చి, క్లోరిన్ నీళ్లతో కడిగి, మళ్లీ నీళ్లు వదిలితే ప్యాచ్ పడినట్టే. ముల్లు మాత్రం, పైపు మురుగుకాలువలోంచి పోవడమే. 2018 మార్చిలో మన గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల తాగే నీళ్లు కలుషితమై ఎన్నో కుటుంబాలు ఆసుపత్రుల్లో పడ్డాయి, ప్రాణాలు కూడా పోయాయి. పైపుల్ని కాలువల్లోంచి పైకి తీసి వేరే దారిన వేయడం నెలల తరబడి సాగే పని, డబ్బు పని. కుళాయి వచ్చిందంటే మనం ఆ సంగతి మరిచిపోతాం, అడగడం మానేస్తాం. నాకు బాధ కలిగించేది అదే.

కనుక ఆదివారం పొద్దున్న ఇద్దరూ మీ సందులో ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడవండి. కాలువలో చేయి పెట్టకండి, గట్టున నిలబడి చూడండి చాలు. ఎన్ని పైపులు మురుగులో మునిగి పోతున్నాయో లెక్కపెట్టండి. ఏ ఇంటి ముందు, ఎన్ని, ఎక్కడ తుప్పు పట్టిందో నోటుపుస్తకంలో గీసుకోండి. నందు గీతలు కొక్కిరిబిక్కిరిగా ఉంటాయి, అక్షరతో గీయించు. ఒక కాగితం వార్డు సచివాలయంలో ఇచ్చి, ఇంకొకటి నాకు పంపండి.

ఎదురుచూస్తూ,
మీ తాతయ్య