రాళ్లు నడిచే చోటు, ఎప్పుడు చూడాలో తెలియాల్సిన మరికొన్ని వింతలు

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ జాతీయ పార్కులో రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన సరస్సు ఉంది. పొడవు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, వెడల్పు రెండు కిలోమీటర్లు. నేల ఎంత సమంగా ఉంటుందంటే, ఈ కొసకూ ఆ కొసకూ ఎత్తులో తేడా నాలుగైదు సెంటీమీటర్లే. నెర్రెలిచ్చిన ఆ ఒండ్రు మీద అక్కడక్కడా రాళ్లు, వాటి వెనక అవి జరిగొచ్చిన చాళ్లు కనిపిస్తాయి. కొన్ని చాళ్లు 450 మీటర్ల దాకా సాగుతాయి. కొన్ని మధ్యలో మలుపు తిరుగుతాయి. రాళ్లను ఈడ్చినట్టు మనిషి అడుగు గానీ జంతువు జాడ గానీ ఎక్కడా ఉండదు.

రాళ్లు ఎక్కడివన్నది పెద్ద చిక్కు కాదు. దక్షిణపు ఒడ్డున ఉన్న డోలమైట్ కొండ నుంచి రాలిపడినవే ఎక్కువ. చిక్కంతా అవి ఎలా కదిలాయన్నదే. 1948లో మొదటిసారి ఈ చాళ్లను పటంలో గుర్తించినప్పటి నుంచీ పెనుగాలులని కొందరు, జారుడు బురద అని కొందరు, మంచు అని కొందరు వాదించారు. 1976లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో 30 రాళ్లను ఏడేళ్లు గమనిస్తే 28 జరిగాయి. కానీ జరుగుతుండగా చూసినవాళ్లు లేరు.

2011లో రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే పరిశోధకుల బృందం జీపీఎస్ అమర్చిన 15 రాళ్లను అక్కడ ఉంచింది. పార్కు రాళ్లకు రంధ్రం పెట్టేందుకు అనుమతి లేదు కాబట్టి వాటిని బయటి నుంచి తెచ్చారు. పక్కనే వాతావరణ కేంద్రం కూడా పెట్టారు. 2013 డిసెంబర్‌లో వెళ్లేసరికి ప్లాయాలో ఏడు సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిచి ఉన్నాయి. డిసెంబర్ 20న, వాళ్ల కళ్ల ముందే, అరవైకి పైగా రాళ్లు కదిలాయి.

జరిగేది ఇదీ. రాత్రి చలికి నీటి మీద 3 నుంచి 6 మిల్లీమీటర్ల మంచు పొర కడుతుంది, అంటే కిటికీ అద్దమంత మందం. పొద్దెక్కాక అది పదుల మీటర్ల వెడల్పున్న పలకలుగా విడిపోతుంది. సెకనుకు 3 నుంచి 5 మీటర్ల వేగంతో వీచే మామూలు గాలికే ఆ పలకలు తేలుతూ సాగుతాయి. రాయికి ఆనుకుని దాన్ని నెడతాయి. అడుగున ఒండ్రు నాని మెత్తబడి ఉంటుంది కాబట్టి రాయి నిమిషానికి 2 నుంచి 5 మీటర్ల చొప్పున జారుతుంది. దూరం నుంచి చూస్తే కదులుతున్నట్టే తెలియదు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి పక్కనున్న రాళ్లూ మంచూ కూడా కలిసే సాగుతుంటాయి. నీరు మంచు తేలేంత లోతు ఉండాలి, అయినా రాళ్లు మునిగిపోకూడదు. మంచు విరిగిపోకుండా నెట్టగలిగేంత మందం ఉండాలి, గాలికి కదలనంత బరువు ఉండకూడదు. ఇన్నీ ఒకే పొద్దున కలిసిరావడం చాలా అరుదు. అందుకే సందర్శకులు చూసేది చాళ్లనే, కదలికను కాదు.

చాళ్ల లోతు సాధారణంగా రెండున్నర సెంటీమీటర్లకు మించదు. నడినెత్తి ఎండలో అవి నేలలో కలిసిపోతాయి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుతురులో అంచుల నీడ పడి తేటగా కనిపిస్తాయి. పార్కులోనే ఉన్న యూబెహీబీ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం నుంచి ఇక్కడికి సుమారు 43 కిలోమీటర్లు కంకర దారి. అక్కడి పదునైన రాళ్లకు టైర్లు కోసుకుపోవడం మామూలే. ఎత్తుగా ఉండే బండి, గట్టి టైర్లు, పూర్తి సైజు స్పేర్ చక్రం, కావలసినన్ని నీళ్లు ఉండాలి. మొబైల్ సిగ్నల్ ఉండదు, కాబట్టి టైరు మార్చడం తెలిసినవాళ్లే వెళ్లాలి. చాలామంది గ్రాండ్‌స్టాండ్ అనే నల్లటి గుట్ట దగ్గరే ఆగిపోయి రాళ్లు లేవని నిరాశపడతారు. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లి, ఆగ్నేయ మూలకు కనీసం 800 మీటర్లు నడవాలి. నేల తడిగా ఉంటే మాత్రం అడుగు పెట్టకూడదు. ఎండాక ఆ అడుగుజాడలు ఏళ్లకేళ్లు ఉండిపోతాయి.

న్యూజిలాండ్‌లోని వైటోమో గుహల్లో ప్రమాదం అడుగుల వల్ల కాదు, ఊపిరి వల్ల. అక్కడ గుహ పైకప్పునిండా నీలిపచ్చ చుక్కలు వెలుగుతుంటాయి. అరాక్నోకాంపా లూమినోసా అనే చిన్న ఈగ లార్వాలవి. ఒక్కో లార్వా తన గూటి నుంచి పట్టుపోగులను కిందికి వేలాడదీస్తుంది. వాటి పొడుగునా జిగురు బొట్లు ఉంటాయి. విసర్జక నాళాల చివర్లలో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి కాంతినిస్తుంది. కింది వాగులో పుట్టిన పురుగులు ఆ వెలుగు వైపు ఎగిరి పోగులకు అంటుకుంటాయి. ఆకలితో ఉన్న లార్వా మరింత ప్రకాశిస్తుంది. ఈగగా మారాక తిండే ఉండదు, కొద్దిరోజుల్లో జత కట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది.

గాలి తగిలితే పోగులు చిక్కుపడతాయి, తేమ తగ్గితే లార్వాలు ఎండిపోతాయి. 1970లలో గుహలో గాలి ప్రసరణ మారిపోయి వెలుగులు బాగా తగ్గాయి. 1979లో కొన్ని నెలలు గుహను మూసేశారు. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు కొలుస్తారు. పది లక్షల్లో 2,400 భాగాల పరిమితి పెట్టారు. అంతకు మించితే జనం వదిలే ఊపిరి తేమతో కలిసి ఆమ్లమై సున్నపురాయిని కరిగించడం మొదలెడుతుంది. ఇంత శ్రద్ధగా నడిపే పర్యాటక స్థలాలు తక్కువ.

చుక్కలను చూసేందుకు గుహలో పడవ ఎక్కడానికి ముందు ఫోన్ చూడకండి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెర వెలుగుతో అదంతా పోతుంది. మసకగా ఉన్న చుక్కను నేరుగా కాక కాస్త పక్కకు చూడండి. చూపు కేంద్రంలో మసక వెలుగును పట్టే రాడ్ కణాలు ఉండవు, పక్కల్లో దండిగా ఉంటాయి.

ఇథియోపియాలోని డల్లోల్‌ది వేరే తంతు. సముద్రమట్టానికి 100 మీటర్లకు పైగా దిగువకు పోయే డనాకిల్ పల్లంలో పసుపు, ఆకుపచ్చ, తుప్పు రంగుల ఉప్పు గుంటలు ఉన్నాయి. వేడి నీరు మందమైన ఉప్పు పొరల గుండా పైకి ఉబికి వస్తుంది. దాని పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఘాటు) సున్నాకు దగ్గర, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. పైకి రాగానే ఉప్పు తెల్లగా ఉంటుంది. నీటిలోని ఇనుము గాలి సోకి ఆక్సీకరణం చెందేకొద్దీ పసుపు, తర్వాత నారింజ, చివరికి గోధుమరంగు. ఊట ఒకచోట ఆగి మరోచోట మొదలవుతుంది కాబట్టి, నిరుడు ఫోటోలో ఉన్న పచ్చని గుంట ఈ ఏడు గోధుమరంగు గట్టుగా మిగలొచ్చు. తాజా ఊట ఎక్కడుందో గైడునే అడగాలి. 2019లో ఒక పరిశోధక బృందం అత్యంత ఆమ్లంగా, ఉప్పగా ఉన్న గుంటల్లో జీవం జాడే లేదని ప్రకటించింది. నీరున్నంత మాత్రాన జీవం ఉంటుందనుకునేవారికి ఇది పెద్ద మాట. ఉప్పు పొర పల్చగా ఉన్నచోట కాలు దిగబడితే కింద ఉండేది మరిగే ఆమ్లం. గైడు అడుగు వేసినచోటే అడుగు వేయాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ కాస్త తట్టుకోగలం. ప్రయాణానికి ముందు ఆ ప్రాంత భద్రత ఎలా ఉందో తప్పక తెలుసుకోవాలి.

వెనెజువెలాలోని మరకైబో సరస్సు మీద రాత్రిళ్లు కొట్టే కటటుంబో మెరుపులు కూడా కాలం చూసుకోవాల్సినవే. ఉపగ్రహ లెక్కల ప్రకారం భూమ్మీద అతి ఎక్కువ మెరుపులు పడే చోటు ఇదే: ఏడాదికి చదరపు కిలోమీటరుకు 233 మెరుపులు, ఏడాదిలో 297 రోజులు రాత్రిపూట ఉరుములూ మెరుపులే. సరస్సు నుంచి లేచే వెచ్చని తేమగాలి, చుట్టూ ఉన్న కొండల నుంచి దిగే చల్లగాలితో కలవడమే కారణం. సెప్టెంబర్ ప్రాంతంలో ఉధృతం ఎక్కువ. 2010 మొదట్లో కరువు వల్ల వారాల తరబడి ఆగిపోయాయి. దూరం నుంచి చూడడమే మేలు, నడి సరస్సులో పడవ మీద ఉండడం అన్నిటికన్నా ప్రమాదం.

చివరిగా, కెనడాలో ఒసోయూస్ పట్టణానికి పడమట ఉన్న మచ్చల సరస్సు. మెగ్నీషియం సల్ఫేట్, ఇతర లవణాలు దండిగా ఉన్న ఈ నీరు వేసవిలో ఆవిరైపోతుంటే వందల కొద్దీ గుండ్రటి గుంటలు మిగులుతాయి. ఏ గుంటలో ఏ లవణం ఎంత ఉందన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో వెళ్లాలి. ఓకనాగన్ ప్రజలకు ఇది పవిత్ర స్థలం, 2001లో ఆ భూమిని వాళ్లు కొని తిరిగి దక్కించుకున్నారు. చుట్టూ కంచె ఉంది, దాటకూడదు. నష్టమేమీ లేదు: హైవే 3 సరస్సు కన్నా ఎత్తున ఉంటుంది, మచ్చలన్నీ ఒకేసారి కనిపించేది రోడ్డు పక్కన నిలబడితేనే.